చెయ్యి పెట్టకూడని నొప్పి

మల్‌సుక్ చేతికి చిక్కిన నొప్పి బతికి బట్టకట్టదని తోంగ్యోంగ్ రేవులో ఆడవాళ్ళందరూ ఒప్పుకుంటారు. ఆల్చిప్పలు ఒలిచే షెడ్లలో పొద్దస్తమానం నిలబడి మెడలు పట్టేసినవాళ్ళు, చేపల బజారులో తొట్లు ఎత్తి నడుములు విరగ్గొట్టుకున్నవాళ్ళు, మనవల్ని వీపున మోసి మోసి జబ్బలు జారిపోయినవాళ్ళు, అందరూ చివరికి కొండవాలు మీదున్న ఆ పాత స్నానశాలకే వస్తారు. వేడినీళ్ళ తొట్టిలో అరగంట నాని, ఆమె గులాబిరంగు రెక్సిన్ బల్ల మీద బోర్లా పడుకుంటారు. మల్‌సుక్ చేతికి గరుకు సంచీ తొడుక్కుని, ముందు ఒంటి మీద మట్టంతా పెళ్ళలు పెళ్ళలుగా రాలగొడుతుంది. తరవాత సంచీ తీసేసి ఉత్త చేత్తో వీపంతా ఒకసారి తడిమి, ఒకచోట ఆగి, "ఇదిగో, ఇక్కడున్నాడు దొంగ" అంటుంది. ఇక ఆ దొంగకి మూడినట్టే.

ఆమెది సుతారం పని కాదు. "నొప్పిని బుజ్జగిస్తే నెత్తికెక్కి కూచుంటుంది. నొక్కాలి. నువ్వు అరిచేదాకా నొక్కాలి" అనేది. "అమ్మో, చచ్చానే!" అని కేకపెట్టిన మనిషే పావుగంట తరవాత బల్ల దిగి, చెయ్యి పైకెత్తి తిప్పి చూసుకుని, "నీ చేతులు చల్లగుండ అక్కా" అని వెళ్ళేది. ముప్ఫై రెండేళ్ళలో ఆ పొగడ్త ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. అన్నిసార్లు వింటే ఎవరికైనా తన చేతుల మీద కాస్త గర్వం పుడుతుంది. ఆమెకి కాస్త కాదు, బాగానే పుట్టింది.

ఆమెకి ఇరవయ్యారేళ్ళప్పుడు భర్త ఉల్సాన్‌లో ఓడలు కట్టే పనికని వెళ్ళి, అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. మల్‌సుక్ రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు పొద్దున స్నానశాలకి వెళ్ళి పని అడిగింది. పిల్లలు లేరు. మళ్ళీ పెళ్ళి మాట ఎవరెత్తినా, "నా బల్ల మీద పడుకునేవాళ్ళ సంసారాలన్నీ వాళ్ళ వీపుల మీద చదువుతూనే ఉన్నా కదే, చాల్లే" అనేది. అది వేళాకోళానికి అన్నమాటే గానీ, అందులో ఒక దిగులుంది. రోజుకి పదిమందిని తాకే ఆ మనిషిని తాకేవాళ్ళు ఎవరూ లేరు. అంతమంది నొప్పులు తీసి తీసి ఆమె జబ్బలు రెండూ ఎప్పుడో పాడైపోయాయి. రోజూ ఇంటికొచ్చాక నొప్పి పట్టీ వేసుకోవాలి. వీపున వెయ్యడానికి ఇంకో మనిషి లేదు గనక, పట్టీ జిగురు వైపు పైకి పెట్టి నేల మీద పరిచి, అంచనా వేసుకుని దాని మీద వెల్లకిలా పడుకునేది. ఒక్కోసారి సరైన చోట అంటుకునేది, ఒక్కోసారి జానెడు కిందకి పోయేది. ఆమె బట్టల్లో, ఇంట్లో, పరుపులో ఎప్పుడూ ఆ పట్టీల కర్పూరం వాసనే.

అలాంటి ఇంట్లోకి నురుంజి వచ్చింది. నురుంజి అంటే కుండ అడుగున అంటుకుని ఎర్రగా మాడిన అన్నం. ఆ కుక్క రంగు సరిగ్గా అదే. మూడున్నర కిలోలు ఉంటుందేమో, అంతే. ఆల్చిప్పల షెడ్డులో ఆడవాళ్ళు విసిరే ముక్కలు తిని బతికేది. రెండేళ్ళ కిందట వేసవి మొదట్లో సీజను అయిపోయి షెడ్డు మూసేస్తే, మూసిన తలుపు ముందు నాలుగు రోజులు కూచుంది. బల్ల మీద పడుకున్న ఒకామె ఈ సంగతి చెబితే మల్‌సుక్ వింటూ తన పని తను చేసుకుపోయింది. ఆ సాయంత్రం వెళ్ళి దాన్ని చంకలో పెట్టుకుని వచ్చేసింది. మొదటి రాత్రే అది ఆమె చేతి కిందకి దూరి ముక్కు మోచేతి మడతలో పెట్టుకుని పడుకుంది. అప్పటినుంచీ రోజూ అక్కడే. ఆ చిన్న ఒంటి వెచ్చదనం కోసం మల్‌సుక్ జబ్బ తిమ్మిరెక్కినా చెయ్యి తీసేది కాదు. ఆమెకి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక తోడు అది. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు గానీ, ఊరందరికీ తెలుసు.

పోయినేడాది టీకా వేయించిన రోజు మల్‌సుక్‌కి పనుంది. వేయించి, ఇంట్లో దింపి, పరుగున పనికి పోయింది. కుక్క రోజంతా ఒక్కతే పడుకుంది, మర్నాటికి లేచి తిరిగింది. ఆమెకి ఏమీ తెలియను కూడా తెలియలేదు. ఈ ఏడు ఖర్మ కాలి స్నానశాల సెలవైన మంగళవారం నాడు వేయించింది. ఇంట్లో ఉండి కళ్ళారా చూసింది. అక్కడ వచ్చింది చిక్కంతా.

పశువుల ఆసుపత్రిలో మో అన్న ఇంటిపేరు గల డాక్టరమ్మ కొత్తగా వచ్చిన పిల్ల, ముప్ఫై దాటి ఉండవు. రెండు సూదులు వేసింది. పిచ్చికుక్క రోగానికి ఒకటి, మిగతా రోగాలకి కలిపి ఇంకోటి. ఒకటి భుజం దగ్గర, ఒకటి కుడి వెనక తొడ మీద. వేశాక కాగితం ఒకటి చేతికిచ్చి, నోటితో కూడా చెప్పింది.

"నురుంజి అమ్మగారూ, ఒకటి రెండు రోజులు సూది వేసిన చోట నొప్పిగా ఉంటుంది. కుంటొచ్చు, అలగొచ్చు, సరిగ్గా తినకపోవచ్చు. చిన్న గడ్డలా తగలొచ్చు కూడా. మీరేం చెయ్యక్కర్లేదు. స్నానం వద్దు, మెట్లెక్కించొద్దు, ఆ చోట నొక్కొద్దు. మెత్తగా పక్కేసి, నీళ్ళు దగ్గర పెట్టి, దాని మానాన దాన్ని పడుకోనివ్వండి. మొహం వాచినా, వాంతి చేసుకున్నా వెంటనే ఫోన్ చెయ్యండి. మనుషుల మందులు మాత్రం బొత్తిగా వద్దు."

"అలాగేనమ్మా, అలాగే" అంది మల్‌సుక్. ఎవరైనా తనని నురుంజి అమ్మగారని, కుక్కకి తల్లిని చేసి, పిలిస్తే ఆమెకి సిగ్గూ సంతోషం రెండూ కలిగేవి. ఆ సంతోషంలో సగం మాటలు విన్నది, సగం వినలేదు. పైగా ముల్లంగి మొలకల్లాంటి వేళ్ళున్న ఈ పిల్లా నొప్పి గురించి తనకి చెప్పేది? కాగితం మడిచి సంచీలో పడేసింది.

సాయంత్రానికి నురుంజి మూలుగుడు మొదలెట్టింది. ఎత్తుకోబోతే కెవ్వుమంది. మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ చిన్న భోజనం బల్ల కిందకి పోయి, గోడ వైపు తిరిగి పడుకుంది. మల్‌సుక్ ఎండు చేపని ఉప్పు పోయేదాకా నానబెట్టి, మెత్తగా ఉడికించి, చారులో అన్నం మెదిపి పెడితే మూతి కూడా పెట్టలేదు. నేలని వెచ్చబరిచే గొట్టాల వేడి పెంచి, వెచ్చటి చోట దుప్పటి పరిచింది. రాలేదు. ఇంతవరకూ ఆమె చేసిందంతా బాగానే ఉంది. ఇక్కడితో ఆగి, టీవీ పెట్టుకుని పక్కన కూచుంటే ఈ కథే లేదు.

స్నానశాలలో గల్లా దగ్గర కూచునే హ్వాజాకి ఫోన్ చేసింది. హ్వాజాది గుండె మంచిది, నోరు పెద్దది.

"ఒసే హ్వాజా, దీని ఏడుపు చూళ్ళేకపోతున్నానే. కాలు కింద పెట్టట్లేదు."

"డాక్టరమ్మ ఏమందక్కా?"

"ఏం చెయ్యొద్దంది."

"ఏం చెయ్యకపోవడానికి డాక్టరెందుకు? నేను చెప్పనా ఆ మాట?" హ్వాజా పకపకా నవ్వింది. "బజారు పెద్దమ్మ నడుం పడిపోయి మంచమెక్కితే నువ్వు లేపి నడిపించావు. జానెడు కుక్క నీకో లెక్కా?"

ఆ మాట కావలసే ఫోన్ చేసింది మల్‌సుక్. పెట్టేసి, బల్ల కింద నుంచి నురుంజిని మెల్లిగా లాగి ఒళ్ళో పెట్టుకుంది. తొడ మీద వేళ్ళు నడిపింది. వెంటనే దొరికింది. చర్మం కింద చిక్కుడు గింజంత గడ్డ. ముప్ఫై రెండేళ్ళుగా గడ్డ దొరికితే ఆ వేళ్ళు చేసేది ఒక్కటే పని. ఆమె చెయ్యాలా వద్దా అని ఆలోచించలేదు, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. బొటనవేలు పెట్టి, చుట్టూ తిప్పి, నొక్కింది.

కుక్క అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు కిటికీ తీశారు. అది మెలి తిరిగి ఆమె చెయ్యి కరిచి, ఒళ్ళోంచి దూకి, బీరువా కిందకి పోయింది. రెండేళ్ళలో ఎన్నడూ కరవలేదు. పెద్ద గాటేమీ కాదు, నెత్తురు కూడా సరిగ్గా రాలేదు. "నన్ను కరుస్తావుటే? నన్నా?" అంది మల్‌సుక్ బీరువా కిందకి వంగి. లోపల్నించి రెండు కళ్ళు మాత్రం కనబడ్డాయి.

చేసిన పని తప్పని అప్పుడైనా తోచిందా అంటే, లేదు. నొక్కుడు పనికిరాకపోతే పట్టీ వెయ్యాలి, అంతే తోచింది. కరోనా టీకా వేయించుకున్నప్పుడు ఆమె భుజం ఇంతలావు వాచి పైకి లేవలేదు. పట్టీ వేసుకుంటే మర్నాటికి తగ్గింది. స్నానశాలలో ఎవర్నడిగినా ఇదే మాట. మా ఊళ్ళో పట్టీ లేని ఇల్లు ఉండదు. జబ్బకి పట్టీ, మోకాలికి పట్టీ, పరీక్ష రాసి మెడ నొప్పంటే చదువుకునే పిల్లకీ పట్టీ. మనుషుల మందులు వద్దని డాక్టరమ్మ చెప్పింది నిజమే. కానీ పట్టీ మందని మల్‌సుక్ బుర్రకి తట్టనేలేదు. మందంటే మింగేది. పట్టీ అంటే సూదీ దారంలాగా ఇంట్లో ఉండే వస్తువు.

నురుంజి నీళ్ళ కోసం బయటికి వచ్చేదాకా ఆగి, మెల్లిగా పట్టుకుని, తొడ మీద వెంట్రుకలు పాయ తీసి, సగం పట్టీ కత్తిరించి అతికించింది. ఈసారి అది అరవలేదు. చల్లగా తగిలిందో ఏమో, కాసేపు మెడ తిప్పి వాసన చూసి, దుప్పటి మీద పడుకుంది. మల్‌సుక్ దాని పక్కనే పడుకుని, "చూశావా? డాక్టరమ్మకేం తెలుసు" అంది. నిద్రపోయింది కూడా.

పొద్దున లేచేసరికి తొడ మీద పట్టీ లేదు.

ముందు పరుపంతా దులిపింది. దుప్పటి తిరగేసింది. బీరువా కింద చీపురు పెట్టి లాగింది. దుమ్ము వచ్చింది, పోయినేడాది పోయిన హెయిర్ పిన్ను వచ్చింది, పట్టీ మాత్రం రాలేదు. అంతలో నురుంజి వీపు వంచి, కడుపు ఎగరేసి, పచ్చటి నురగ కక్కింది. ఆ నురగలో చర్మం రంగు గుడ్డముక్క ఒకటి, గోరంత, అంచు చీలికలై కనబడింది. మల్‌సుక్ దాన్ని ఒక్క క్షణం చూసింది. కాగితం తీసుకుని నురగతో సహా తుడిచేసి, మరుగుదొడ్డిలో వేసి నీళ్ళు వదిలింది. ఎవరూ లేని ఇంట్లో, ఎవరో చూస్తున్నట్టు, అంత తొందరగా తుడిచింది. తరవాత కుక్కని తువ్వాల్లో చుట్టుకుని పరుగెత్తింది. దారిలో స్నానశాల తెరుస్తున్న హ్వాజా, "ఏమైందక్కా, ఏమైందక్కా" అంటూ గల్లా తాళం కూడా వెయ్యకుండా వెంటపడింది.

ఆసుపత్రిలో అప్పటికే పిల్లిగంపతో ఒకాయన, తెల్లకుక్కతో ఒకావిడ కూచుని ఉన్నారు. హ్వాజా గడపలోనే మొదలెట్టింది.

"ఏం సూది వేశావమ్మా నిన్న? గంతులేసే కుక్కని నీ చేతిలో పెడితే ఇలా చేసి పంపుతావా? చూడు, పచ్చగా కక్కింది, మెడ నిలబెట్టట్లేదు! చదువుకున్నావా లేక అద్దం మీద బోర్డు రాసుకుని కూచున్నావా?"

తెల్లకుక్కావిడ తన కుక్కని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. మో డాక్టరమ్మ మొహం తెల్లబోయింది. నురుంజిని బల్ల మీద పడుకోబెట్టింది. చిగుళ్ళు చూసింది, కడుపు పట్టి చూసింది. కడుపు పట్టగానే కుక్క మూలిగింది.

"నురుంజి అమ్మగారూ, ఇంట్లో ఏమన్నా తిందా? చెత్తబుట్టలోవి గానీ, చాక్లెట్టు గానీ?"

"లేదమ్మా."

"మందేమన్నా ఇచ్చారా? పూశారా?"

మల్‌సుక్ తువ్వాలు అంచు సరిచేసింది. "లేదు."

"చూశావా, లేదంటోంది! నీ సూదే!" అంది హ్వాజా పక్కనుంచి.

డాక్టరమ్మ కుక్క మూతి దగ్గర వంగి వాసన చూసింది. కనుబొమలు ముడిచింది. "ఏదో కర్పూరం వాసన..." అని, తలెత్తి, మల్‌సుక్ మెడ దగ్గర చొక్కా అంచులోంచి తొంగిచూస్తున్న పట్టీ చూసి, తనే తప్పు మాట అన్నట్టు చప్పున ఆపేసింది. అంతటితో ఆ దారి మూసుకుపోయింది. మల్‌సుక్‌కి అది తెలిసింది. తన ఒంటి వాసనే తన అబద్ధానికి కాపలా కాసింది.

"టీకా పడనట్టుంది" అంది డాక్టరమ్మ. "చాలా అరుదు, కానీ జరుగుతుంది. దానికి విరుగుడు సూది ఒకటి ఇస్తాను, వాంతీ నీరసమూ తగ్గుతాయి. నా చేత్తో వేసిన టీకా. మన్నించండి అమ్మగారూ." అని, గది నిండా మనుషులు చూస్తుండగా, నడుం దాకా వంగి దణ్ణం పెట్టింది.

వంగిన ఆ పిల్ల మెడ మల్‌సుక్ కళ్ళ ముందుకి వచ్చింది. మెడ వెనక నరాలు బిగుసుకుపోయి ఉన్నాయి. రాత్రి సరిగ్గా పడుకోని మనిషి మెడ. అలాంటి మెడలు ఎన్ని చూసిందో ఆమె. ఏ తప్పూ చెయ్యని మనిషి తన ముందు అలా వంగి ఉంటే, మల్‌సుక్‌కి నిలువునా సిగ్గు ముంచుకొచ్చింది. నోరు విప్పితే ముప్ఫై రెండేళ్ళ పేరు పోతుంది. విప్పకపోతే తప్పు ఈ పిల్ల నెత్తిన పడుతుంది. అయినా అప్పుడు కూడా ఆమె నోరు విప్పలేదు, నిజం చెప్పాలి కదా. డాక్టరమ్మ లేచి, సీసాలోంచి మందు సూదిలోకి లాగి, నురుంజి చర్మం వేళ్ళతో పట్టుకునేదాకా చూస్తూ నిలబడింది. అప్పుడు కుక్క తల తిప్పి, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరిలో ఆమె వైపే చూసింది.

"ఆగమ్మా!" అంది మల్‌సుక్. గొంతు ఎంత పైకి లేచిందంటే పిల్లి కూడా గంపలో ఉలిక్కిపడింది. "పట్టీ వేశాను. నొప్పి పట్టీ. తొడ మీద. పొద్దున్నకి లేదు, మింగేసింది. వాంతిలో ముక్క కనబడింది. నేనే తుడిచి పారేశాను. నీ టీకా కాదు. నేనే."

డాక్టరమ్మ సూది పక్కన పెట్టేసింది.

"ఈ మందు వేసుంటే, కడుపులో ఆ పట్టీ మందుకి ఇది తోడై పేగులు పుండుపడి నెత్తురు కారేది" అంది. రాసుకోడానికి కాగితం ముందుకి లాక్కుంది. "ఎంత ముక్క? ఎన్నింటికి వేశారు? పెట్టె ఇంట్లో ఉందా? అందులో ఏ మందుందో నాకు తెలియాలి."

"సగం. రాత్రి భోజనాల వేళ. పెట్టె టీవీ కింద సొరుగులో ఉంది."

"నేను తెస్తాను" అంది హ్వాజా. గడప దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది. "నేను ఈవిణ్ణి అన్నేసి మాటలన్నాకానా అక్కా చెప్పడం?" అంది. కోపంతో కాదు. ఏడుపు గొంతుతో. డాక్టరమ్మకి తల వంచి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే పరుగెత్తింది.

కక్కించే వేళ దాటిపోయింది. ముందరి కాలికి సెలైన్ పెట్టారు. నెత్తురు పరీక్ష చేస్తే కిడ్నీల మీద అప్పటికే దెబ్బ పడిందని తేలింది. నురుంజి ఆరు రోజులు ఆసుపత్రి బోనులోనే ఉంది. మల్‌సుక్ రోజూ మధ్యాహ్నం తిండి మానేసి, వెళ్ళి, బోను ముందు చిన్న పీట మీద కూచునేది. ముట్టుకోవచ్చా అని అడగలేదు. డాక్టరమ్మ కూడా ముట్టుకోమనలేదు. మొదటి మూడు రోజులు కుక్క అటు తిరిగి పడుకుంది.

సంగతి మర్నాటికే స్నానశాలకి పాకింది. మా ఊళ్ళో ఏ సంగతైనా మొదట చేరేది అక్కడికే. వేడినీళ్ళ తొట్టిలోంచి ఒకామె, "మల్‌సుకక్కా, నాకు మాత్రం పట్టీ వెయ్యకే, నాకేస్తాను" అంది. అందరూ గొల్లుమన్నారు. అన్నామెకి చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, అక్కడ వేళాకోళాలు అలాగే ఉంటాయి. మల్‌సుక్ కూడా నవ్వింది. నవ్వి, బల్ల మీద వీపుకి నీళ్ళు పోస్తూ, ఎంతసేపటికీ పొయ్యడం ఆపలేదు. చివరికి బల్ల మీది మనిషే తిరిగి, "అక్కా, చలేస్తోంది" అనాల్సి వచ్చింది. ఆ వారంలో గట్టిగా నొక్కమని అడిగినవాళ్ళకి కూడా ఆమె వేళ్ళు ముందులా దిగలేదు. ఇంట్లో ఉన్న పట్టీలన్నీ సంచీలో పోసి హ్వాజాకిచ్చేసింది. రాత్రుళ్ళు జబ్బలు సలుపుతుంటే ఉత్తినే పడుకుంది.

సోమవారం సాయంత్రం డాక్టరమ్మ నెత్తురు పరీక్ష కాగితం ముందు పెట్టింది.

"కిడ్నీ అంకెలు దిగాయి, కానీ పూర్తిగా దిగలేదు. ఇక అక్కడే ఆగిపోయినట్టున్నాయి. ఇంటికి తీసుకెళ్ళొచ్చు. దానికి వేరే తిండి పెట్టాలి, రోజూ చర్మం కింద నీళ్ళెక్కించాలి. అలా చేస్తే బతుకుతుంది."

"ఎన్నాళ్ళు?"

"చెప్పలేను. ఒక ఏడాది కావచ్చు, నాలుగేళ్ళు కావచ్చు."

మల్‌సుక్ కాగితం మీది అంకెల వైపు చూసింది. ఒక్కటీ అర్థం కాలేదు.

"టీకా నొప్పి ఒక్కటే అయ్యుంటే, డాక్టరమ్మా?"

డాక్టరమ్మ కాగితం మడిచింది.

"చెప్పమ్మా. నేనూ నీకు చెప్పానుగా."

"మర్నాడు సాయంత్రానికి లేచి తిరిగేది."

"నేనేం చెయ్యకపోయినా?"

"ఏం చెయ్యకపోతేనే, అమ్మగారూ."

మెత్తగానే అంది. నిందించినట్టు కూడా లేదు. అందుకే మల్‌సుక్‌కి అది ఇంకా లోపలికి దిగింది. తల ఊపింది. నీళ్ళెక్కించడం ఎలాగో నేర్పించమంది.

డాక్టరమ్మ చూపించింది. భుజాల మధ్య వదులు చర్మాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకోవాలి. కింద ఏర్పడిన సందులోకి సూది పోనివ్వాలి. చిన్న నీళ్ళసంచీ పైన వేలాడదీసి, అది ఖాళీ అయ్యేదాకా నీళ్ళు దిగనివ్వాలి. "మీ చేతులు నిలకడైనవి, ఒక్కరోజులో వచ్చేస్తుంది" అంది. పొగడ్తే. మల్‌సుక్ అది విననట్టే తువ్వాలు మడిచింది. తన చేతులకి తనే సిగ్గుపడి, "కుక్కని నువ్వే మోసుకెళ్ళే సంచీలో పెట్టమ్మా" అంది.

మంగళవారం స్నానశాలకి సెలవు. పొద్దున్నే నీళ్ళసంచీ కిటికీ చువ్వకి తగిలించి, నురుంజిని తువ్వాలు మీద కూచోబెట్టింది. అది వణుకుతూ కూచుంది గానీ పారిపోలేదు. పారిపోయేంత ఓపిక దానికి లేదు. చర్మం పైకెత్తింది. మొదటిసారి సూది పక్కకి పోయింది. కుక్క సన్నగా ఏడ్చింది. "అయిపోయింది నా తల్లీ, అయిపోయింది" అంటూనే మళ్ళీ గుచ్చింది. ఈసారి సరిగ్గా దిగింది. చుక్క చుక్కగా నీళ్ళు పోయి, భుజాల మధ్య కమలాపండంత గడ్డ లేచింది.

సూది తీసేయగానే నురుంజి ఆ గడ్డ మోసుకుంటూ, వంకరగా నడిచి, గోడ దగ్గరికి పోయి పడుకుంది. గడ్డ బరువుకి పక్కకి జారి, ముందరి కాలి మీద వేలాడింది. చూడ్డానికి భయంగా ఉంది. నొక్కొద్దు, రుద్దొద్దు, దానంతటదే ఇంకిపోతుందని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. ఈసారి మల్‌సుక్ రెండుసార్లూ విన్నది.

ఆ గడ్డ ఎటునుంచి నొక్కితే ఎటు కదులుతుందో ఆమె చేతులకి ముట్టుకోకుండానే తెలుసు. అరచెయ్యి వెచ్చగా పెట్టి, మెల్లిగా కిందకి రాస్తే అరగంటలో పరుచుకుంటుందని కూడా తెలుసు. తెలిసిందంతా పక్కన పెట్టి, నాలుగు మూరల దూరంలో, గోడకి వీపు ఆనించి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూచుంది. కళ్ళు మాత్రం దాని మీదే. మధ్యాహ్నం హ్వాజా ఫోన్ చేసి, "ఏం చేస్తున్నావక్కా?" అంటే, "ఏం చెయ్యట్లేదే" అంది.

కిటికీలోంచి ఎండ నేల మీద జరుగుతూ పోయింది. గడ్డ నిమ్మకాయంత అయింది. తరవాత ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. సాయంత్రం నాలుగు దాటేసరికి నురుంజి వీపు చదునైపోయింది. అది లేచి, నీళ్ళగిన్నె దాకా వెళ్ళి, నాలుగు గుక్కలు తాగి, తిరిగొచ్చి తన చోటే పడుకుంది.

మల్‌సుక్ లేచి, ఖాళీ సంచీ కిటికీ చువ్వ నుంచి తీసి, కొత్త సంచీ తగిలించింది. పొద్దున్నే మళ్ళీ గుచ్చాలి.